నూనె తాగే కారు

కారు కనబడితే జనం ఆగి దణ్ణం పెట్టే రోజుల్లో, పూలపాడు జమీందారు గారికి ఓ ముసలి కారు ఉండేది. దాని బాగోగులు చూసేవాడు సైదులు. అది కదిలితే చాలు, వెనక లేతనీలం పొగ మబ్బులా తేలిపోయేది. సైదులు ఆ మబ్బువంక చూస్తూ కలలో ఉన్నట్టు నిలబడిపోయేవాడు.

ఒకరోజు దివాను పేర్రాజు గారు, జమీందారు ఎదుటే అతన్ని నిలదీశారు. "ఇంజన్లో వారానికో డబ్బా నూనె పోస్తున్నాం. నేలమీద చుక్క కారదు. నీ బట్టలనిండా చూస్తే మరకలే! దొంగవి నువ్వేరా. దొరగారూ, వీణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టండి."

సైదులుకి అది పుట్టి పెరిగిన ఊరాయె! అయినా మెల్లగా అన్నాడు: "దొంగ ఇంజన్లోనే ఉన్నాడండి. వెనక గొట్టంలోంచి బయటికొస్తాడు. అక్కడ నమ్మకమైన మనిషి కాపలా ఉండాలండి."

"నాకంటే నమ్మకస్తుడెవడ్రా?" అంటూ దివానుగారు తెల్లటి పట్టుపంచెతో గొట్టం దగ్గరే నిలబడ్డారు. సైదులు ఇంజన్ స్టార్టు చేసి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. నీలిమబ్బు ఆయన్ని అమాంతం మింగేసింది. అది విడిపోయేసరికి పంచెనిండా జిడ్డు చుక్కలే!

"మరకలున్నవాడే దొంగయితే ఇప్పుడు ఇద్దరమండి," అన్నాడు సైదులు. "పిస్టన్ రింగులు అరిగిపోయి నూనె లోపలే మండిపోతోందండి. మా వాకిట్లో విప్పి కొత్తవి వేస్తాను. అందాకా ఇంజన్ నడపకూడదండి."

జమీందారు గారు పడీపడీ నవ్వారు. "అయితే వాళ్లింటిదాకా తోయాల్సిందే. దివానుగారూ, ఎలాగూ వెనకే ఉన్నారు, ఓ చెయ్యి వెయ్యండి."

చప్పుడు లేకుండా, పొగ లేకుండా, కారు పడవలా వీధివెంట తేలుతూ పోయింది. వెనక దివానుగారి ఆయాసం ఒక్కటే వినపడింది.