పాలు పట్టని తెర

గంగులు బర్రె, చుక్కి మేక, బాతు కలిసి ఏటి ఒడ్డున అద్దకం సంఘం పెట్టుకున్నాయి. గంగులు తన పాలలో కరక్కాయ పొడి కలిపి, గుడ్డ నానబెట్టి ఎండకు ఆరేసేది. ఆరిన గుడ్డ మీద చుక్కి ఇనుము నానబెట్టిన రంగుతో నల్లటి బొమ్మలు గీసేది. బాతు ఏట్లో జాడించేది. ఎవరి పని వారిదే. పక్కవారి పని ఎందుకని ఎవరూ అడగలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆడపులి కూతురి పెళ్ళికి, పెళ్ళికూతురి బొమ్మ వేసిన తెర కావలసి వచ్చింది. బేరాలు కుదిర్చే నక్క, ఆ పని తానే చేయిస్తానని మాటిచ్చి చుక్కి దగ్గరికి వచ్చింది.

"మరదలా, బొమ్మలు నీవి. జాడింపు బాతుది. మరి ఆ బర్రె వేసిన రంగేదీ? చూపించు!"

చుక్కి గుడ్డ తిప్పి చూసింది. "పాలు కనబడవుగా బావా."

"కనబడని పనికి సమానంగా వాటానా? రంగుకుండ తీసుకుని నా పాకకు రా. గుడ్డ నేనిస్తా."

గంగులు పక్కనే ఉంది. "పదేళ్ళు పాలు పోశాను. నేనేం చేశానో నీకూ తెలియదా చుక్కీ?"

చుక్కి రంగుకుండ ఎత్తుకుని నక్క వెంట నడిచింది. బాతు ఏట్లోకి దిగి తన జాడింపులో పడింది. ఒళ్ళు మండదూ! గంగులు తలవంచుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి పొదుగు బరువెక్కింది. ఎవరి కోసం పిండాలో దానికి తెలియలేదు.

నక్క పాకలో చుక్కి ఉత్త గుడ్డ మీద పెళ్ళికూతురిని గీసింది. రంగు నల్లబడలేదు, తుప్పులా మిగిలింది. ఒంటి మీది చారలన్నీ పాకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

"ఆరితే అదే సర్దుకుంటుంది" అని నక్క తెర మోసుకుపోయింది.

ఆడపులి చూసి గర్జించింది. "ఇది నా కూతురా, బురదలో పొర్లిన పందా? రేపు పొద్దున పెళ్ళి. ఈలోగా మంచి తెర రాకపోతే నీ తోలే కడతాను!"

నక్క పరుగున వచ్చి గంగులు కాళ్ళ మీద పడింది. వెనకే చుక్కి కూడా వచ్చింది.

"తల్లీ, చెంబెడు పాలియ్యి! తెర మీద చల్లుకుంటా."

"పాలు ముందు పట్టాలిరా. కరక్కాయతో నానాలి, రెండెండలు ఎండాలి. అప్పుడే రంగు నల్లబడుతుంది, గీత కదలదు. నీకు ఒక్క ఎండ కూడా లేదు."

నక్క తన తోలు ఒకసారి తడుముకుని, ఏరు దాటి పారిపోయింది.

"తప్పయిందక్కా" అని ఏడ్చింది చుక్కి.

"ఏడుపెందుకు? బాతును పిలువు, ఇద్దరూ కూర్చుని కరక్కాయలు దంచండి. ఇకనుంచి అందరూ అన్ని పనులూ నేర్చుకోవాల్సిందే."

కంటికి ఆనని కష్టాన్ని తీసిపారేస్తే, కంటికి ఆనే పని కూడా నిలవదు.