ప్లగ్గు తీశాక

పెట్టె విప్పి పని మొదలుపెట్టారంటే బర్నబాసు మాస్టారి ఎడమ చెయ్యి వీపు వెనక్కి వెళ్లిపోయేది. రేపల్లెలో గిటారు నేర్పుతూ, చుట్టుపక్కల మందిరాల వాల్వు యాంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన. "ఆ చేత్తో దేవుడి చిటికెన వేలు పట్టుకుని ఉంటారులే" అని సంఘంలో కుర్రకారు నవ్వుకునేవారు. ఆయన ఎన్నడూ కాదనలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన శిష్యురాలు కెజియా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మాస్టారూ, వాల్వు యాంప్లిఫయరు కిట్టు తెప్పించాను. మనమే కట్టుకోవచ్చట. తీరా వచ్చాక మూత తీయడానికి చెయ్యి రావడం లేదు. వెనక్కి పంపేసి, కట్టిందే కొనుక్కోమంటారా?"

చెయ్యి ఎందుకు రాదో ఊరందరికీ తెలుసు. ఆమె తండ్రి ఏలియా ఒకప్పుడు సువార్త సభలకు మైకు సెట్టు పెట్టేవాడు, గిటారు వాయించేవాడు. ఒక సభ ముగిశాక, ప్లగ్గు తీసిన యాంప్లిఫయరులో చేతులు పెట్టి, ఎవరో విసిరేసినట్టు పడ్డాడు. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ తీగల మీద నిలవలేదు, గిటారు గోడకెక్కింది.

ప్లగ్గు తీశాక కూడా కొట్టిందంటే ఇక దేన్ని నమ్మాలి? ఆ ఇంట్లో మిక్సీ కడగాలన్నా కెజియా ముందు ప్రార్థన చేసుకునేది. ఆరాధనలో వాయిస్తున్నా ఒక కన్ను యాంప్లిఫయరు మీదే. ఈమధ్య తాళం కూడా తప్పుతోంది. ఈస్టరు దాటాక వాయించడం మానేస్తానని తల్లితో అనేసింది. మానేసేముందు ఆ భయం మొహం ఒక్కసారి చూద్దామనిపించి కిట్టు తెప్పించింది గాని, చూడలేకపోయింది.

మాస్టారు ముక్కాలిపీట ఆమె వైపు జరిపారు. "కూర్చో తల్లీ. దేవరాజు వస్తున్నాడు," అన్నారు.

దేవరాజూ ఆయన శిష్యుడే. కట్టిందే కొనుక్కున్నాడు, అది బాగానే పలికేది. ఆ ఉదయం నుంచి మాత్రం గరగరలాడుతోందట. ఆటోలో తెచ్చి, బల్ల మీద పెట్టి, చకచకా వెనకపలక విప్పాడు.

"ఇదుగోనండీ, తీగ వదులైంది. నొక్కేస్తే సరి."

కెజియా లేచి నిలబడింది. "చెయ్యి పెట్టకు తమ్ముడూ."

"ప్లగ్గు ఇంట్లోనే తీశానక్కా. ఆటోలో ఎక్కడి కరెంటు? నువ్వు టార్చిలైటుకి కూడా దణ్ణం పెట్టేలా ఉన్నావు."

మాస్టారు అతని మణికట్టు పట్టుకుని, నిద్రపోయే పిల్లవాడి చేతిని జరిపినట్టు పక్కకు జరిపారు. మీటరు తీసి, నల్ల తీగను పెట్టె రేకుకు తగిలించి, ఎర్ర తీగను కెజియా కుడిచేతికిచ్చారు. "ఎడమ చెయ్యి వెనక్కి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఆ గుండ్రటి డబ్బా కొసకి ఆనించు."

ఆమె వెనక చేత్తో చున్నీ కొసను పిడికిట బిగించి, ఆనించింది. ముల్లు మూడు వందల వోల్టులు దాటి నిలబడింది.

దేవరాజు తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"కండెన్సరు," అన్నారు మాస్టారు. "ప్లగ్గు తీసిన సంగతి దీనికి ఎవరూ చెప్పరు. పట్టుకున్న కరెంటును పట్టుకునే కూర్చుంటుంది. మీ నాన్నను కొట్టింది ఇలాంటిదే తల్లీ. మిక్సీ కాదు."

కరెంటును మెల్లగా దించే రెసిస్టరు కట్టిన తీగనొకదాన్ని ఆ డబ్బాకు ఆనించి ఉంచారు. ముసలివాళ్లు మెట్లు దిగినట్టు ముల్లు ఆగి ఆగి దిగింది. సున్నా దగ్గర ఆగాకే కెజియా చున్నీ కొస వదిలింది.

"దుకాణంలో ఈ మాట చెప్పలేదండీ," గొణిగాడు దేవరాజు.

"పాట ఎలా వినబడుతుందో అడిగి ఉంటావు. అది చెప్పారు."

తన ప్రశ్నకు జవాబు వస్తుందని కెజియా కాసేపు చూసింది. మాస్టారు వదులు తీగ మీదికి వంగిపోయారు. ఆమె ఇంటికి వెళ్లి కిట్టు మూత తీసింది.

ఆమె భోజనాల బల్ల మీద తీగలు అతుకుతున్నన్నాళ్లూ ఏలియా వసారా దాటి లోపలికి రాలేదు. మొదటిసారి స్విచ్చి వేసే రోజున మాస్టారు వచ్చి కూర్చున్నారు. వాల్వులు ఎర్రబడ్డాయి, శబ్దం మాత్రం రాలేదు. కెజియా ప్లగ్గు తీసి, తప్పు దొరికిన సంబరంలో లోపలికి వంగింది.

"ఎడమ చెయ్యమ్మా."

గుమ్మంలోంచి వచ్చింది ఆ మాట. ఏలియా ద్వారబంధం పట్టుకుని ఉన్నాడు. ఆమె ఎడమ చెయ్యి రేకు మీద ఆని ఉంది. చప్పున వెనక్కి తీసుకుంది. మీటరు ముల్లు సున్నాకు దిగాకే అతుకు సరిచేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి, తీగలు మీటింది. ఇల్లంతా మోగింది.

"భయం పోయిందా తల్లీ?" అన్నారు మాస్టారు.

"లేదండీ. మునుపు ఇల్లంతా ఉండేది. ఇప్పుడు ఈ డబ్బాల్లో ఉంది."

ఏలియా నెమ్మదిగా వచ్చి, కుడిచేతి వేలితో దూరం నుంచే చూపించాడు. "ఇవేనా?"

మాస్టారు అతని వేలి వైపు చూడలేదు, గోడ మీది గిటారు వైపు చూశారు.

"కొత్త తీగలు నేను తెస్తాను ఏలియా. కట్టడం మాత్రం నీ పని."