గండ్రయ్య ఇచ్చిన ఇప్పపూల విందు

చింతలమడుగు అడవిలో దున్నలు, కణుజులనే పెద్ద దుప్పులు, కుందేళ్లు, ఉడతలు, రకరకాల పిట్టలు ఉండేవి. అంత అడవికీ ఒకటే మడుగు. ఎండాకాలంలో అక్కడ ఎవరు ముందు నీళ్లు తాగాలో పెద్దల సభకి ఎన్నికైనవాళ్లే చెప్పేవారు. అందుకే ఆ పదవంటే అందరికీ నోరూరేది.

ఆ ఏడు కొమ్ముల పార్టీ టికెట్టు కోసం గండ్రయ్య అనే అడవిదున్న కాళ్లరిగేలా తిరిగాడు. పదవి దక్కిందా, మడుగంతా తనదే! పొద్దస్తమానం బురదలో దొర్లినా అడిగేవాడుండడు. పోటీకి వచ్చిన కణుజు పోలయ్యని నలుగురిలో నిలబెట్టి పరువు తీశాడు.

"ఏటేటా నీ కొమ్ములు ఊడిపోతాయి. కొమ్ముల పార్టీకి నువ్వేం పనికొస్తావయ్యా?"

పాపం, పోలయ్య తల దించుకుని వెళ్లిపోయాడు. టికెట్టు గండ్రయ్యకే వచ్చింది.

రెక్కల పార్టీలో మాత్రం టికెట్టిస్తామన్నా తీసుకునే దిక్కులేదు. ఓడిపోయే సీటుకి ఎవరు నిలబడతారు? చివరికి నూకాలు అనే పూరేడు పిట్టని బతిమాలి ఒప్పించారు. నూకాలు పొదపొదకీ నడిచి వెళ్లింది. "వదినా, నేను గెలిస్తే పసిపిల్లలున్నవాళ్లకే ముందు నీళ్లు," అని కుందేలుకీ ఉడతకీ చెప్పి ఓటు అడిగింది.

ఈ సంగతి విని కొండగొర్రెకి కంగారు పుట్టింది. అతను గండ్రయ్యకి కుడిభుజం.

"అన్నా, మనమూ ఒకసారి ఓట్లు అడిగొద్దామా?"

"ఓరి పిచ్చోడా! అడవిలో సగానికి పైన కొమ్ములున్నవాళ్లే. టికెట్టు వచ్చిందంటే గెలిచినట్టే. నువ్వు విందు సంగతి చూడు."

"ఎప్పుడన్నా విందు?"

"పోలింగ్ రోజే! పొద్దున విందు, సాయంత్రం ఊరేగింపు."

విందంటే మాటలా! ఇప్పచెట్ల కింద పూలు గుట్టలు గుట్టలుగా రాలి ఉన్నాయి. కొమ్ములున్నవాళ్లంతా తెల్లారేసరికే దిగిపోయారు. "తినండర్రా! పొద్దుగూకేదాకా ఓటెయ్యొచ్చు, తొందరేముంది?" అంటూ గండ్రయ్య కొసరి కొసరి పెట్టాడు. తనూ పొట్ట పగిలేలా తిన్నాడు. ఇప్పపూలు ఎక్కువైతే మత్తెక్కుతుందని ఆ అడవిలో పసిగుడ్డుకి కూడా తెలుసు. సంబరంలో అదెవరికి గుర్తుంటుంది? మధ్యాహ్నానికల్లా అందరూ ఒకరి మీద ఒకరు పడి గుర్రుపెట్టారు.

గండ్రయ్య కళ్లు తెరిచేసరికి పొద్దు గూకిపోయింది. పడుతూ లేస్తూ మడుగు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఒక్కో ఓటుకీ ఒక్కో గులకరాయి. ఎన్నికల అధికారి తాబేలు అప్పటికే రాళ్లన్నీ లెక్కపెట్టేసింది.

"నూకాలుకి నలభై రెండు. గండ్రయ్యకి ఒకటి."

"ఒకటా! నా ఓటు నేనే వేసుకోలేదే! ఆ ఒక్కటీ ఎవరిది?"

"నాదే," అన్నాడు వెనక నుంచి పోలయ్య. "ఎంత కోపమున్నా పార్టీ పార్టీయే కదా, వేశాను. విందుకి అందర్నీ పిలిచావు, నన్ను తప్ప. అందుకే మెలకువగా ఉన్నాను."

గండ్రయ్యకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పిల్లల తల్లులు మడుగులో తాగుతుంటే, నాలుక పిడచకట్టి వరసలో అందరికన్నా చివర నిలబడ్డాడు. అతని ముందు పోలయ్య ఉన్నాడు.

నీతి: గెలవకముందే పండగ చేసుకుని, తోటివాణ్ణి చులకన చేసేవాడు చేతికందిన గెలుపును కూడా పోగొట్టుకుంటాడు.