రెండు జాడీల వేడి

విశ్వపతి మేష్టారి చూపు పూర్తిగా పోయినప్పటి నుంచీ శిష్యురాలు హైమవతికి ఒకటే బెంగ. డాక్టరుగారు మహా అయితే రెండు నెలలన్నారు. ఇరవై రెండేళ్లుగా ఎదురు చూసినది జరక్కుండానే ఆయన వెళ్లిపోతారా?

మేష్టారు ఒకప్పుడు యూనివర్సిటీలో ఫిజిక్సు ప్రొఫెసరు. నీళ్లలో ఒక అరుదైన లోహపు తీగ ముంచి సన్నగా కరెంటు పంపితే, పంపినదానికన్నా ఎక్కువ వేడి పుడుతుందని ఆయన నమ్మకం. అదే నిజమైతే పొగా బొగ్గూ లేకుండా ఊరూరా దీపం వెలుగుతుందనేవారు. తోటివాళ్లు నవ్వారు. "విశ్వపతి నీళ్లకి నిప్పంటిస్తున్నాడర్రా, బకెట్లు దాచుకోండి!" అని స్టాఫ్ రూములో వేళాకోళాలు. ప్రయోగానికి ఇచ్చిన గదీ పోయింది, చేరిన శిష్యులూ పోయారు. చివరికి వాల్తేరులో ఇంటి వెనక రేకుల షెడ్డూ, హైమవతీ మిగిలారు. జబ్బు చేశాక మంచం కూడా ఆ షెడ్డులోకే వేయించుకున్నారు.

బల్ల మీద రెండు గాజు జాడీలు. ఒకదాంట్లో ఆ అరుదైన తీగ, రెండోదాంట్లో మామూలు రాగి తీగ. రెండింటికీ ఒకే కరెంటు. మొదటిది రాగి జాడీకన్నా వేడెక్కిందా, మేష్టారి మాట నెగ్గినట్టే. రోజూ సాయంత్రం గురుశిష్యులు ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా థర్మామీటర్లు చదివి, తర్వాత సరిచూసుకుని పుస్తకంలో రాసేవారు. ఏనాడూ రెండు జాడీల వేడిలో తేడా లేదు. ఇప్పుడు చదివేది హైమవతి ఒక్కతే.

ఆ గురువారం మేష్టారు మంచం మీంచే అడిగారు. "ఎంతమ్మా?"

రెండూ ముప్ఫై ఒకటే. హైమవతి నోట మాత్రం వేరే మాట వచ్చింది.

"రాగి ముప్ఫై ఒకటి మేష్టారూ. మనది... ముప్ఫై ఏడు."

"మళ్లీ చూడు."

"ముప్ఫై ఏడేనండీ."

మేష్టారు లేచి కూర్చున్నారు. చూపులేని కళ్లలోంచి నీళ్లు ధార కట్టాయి. "స్వామీ, చివరికి..." అన్నారు. ఆ ముఖం చూసి హైమవతి, ఈ పాపం నాకే కట్టు తండ్రీ అని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పుస్తకంలో ముప్ఫై ఏడని రాసింది కూడా.

"నన్ను బల్ల దగ్గరికి తీసుకెళ్లమ్మా. ఒక్కసారి తాకాలి."

ఇది ఆమె అనుకోలేదు. "ఇప్పుడు నడవలేరండీ. రేపు చూద్దాం."

"రేపటికి ఎవరుంటారే, పిచ్చితల్లీ!" అని నవ్వారు.

భుజం ఆసరా ఇవ్వక తప్పలేదు. మేష్టారు ఒక జాడీకి ఎడమ అరచెయ్యి, రెండోదానికి కుడి అరచెయ్యి ఆనించారు, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. కాసేపయ్యాక చేతులు మార్చి మళ్లీ చూశారు.

ముఖంలో వెలుగు మెల్లగా మలిగింది.

"పుస్తకం ఇలా ఇవ్వు. ఆ అంకె మీద నా వేలు పెట్టు."

పెట్టింది. పేజీ చింపడం, చెరిపెయ్యడం ఆయన దగ్గర చదివినవాళ్లెవరూ ఎరగరు. వేలు ఆనవాలుగా, అంకె కనబడేటట్టే దాన్ని ఒక్క గీతతో కొట్టేశారు. పక్కన సంతకం పెట్టారు.

"మేష్టారూ, మీరు తృప్తిగా... మీ కోసమే నేను..."

"తెలుసమ్మా." ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది. "నాతో పగతో మాట్లాడినవాళ్లున్నారు, జాలితో మాట్లాడినవాళ్లున్నారు. ఈ నీళ్లకి ఆ రెండూ తెలీవు. అందుకే ఇన్నేళ్లూ వీటి దగ్గర కూర్చున్నాను."

"ఇప్పుడు చదువు" అన్నారు.

హైమవతి కళ్లు తుడుచుకుని జాడీల మీదికి వంగింది. ఒక్కో థర్మామీటరూ రెండేసిసార్లు చూసింది. ఆయన తొందరపెట్టలేదు.

"రెండూ ముప్ఫై ఒకటేనండీ."

"రాయి తల్లీ," అన్నారు మేష్టారు.