కోరయ్య కందకం

అనగనగా ఒక అడవి. ఆగండి, రెండు అడవులు. మధ్యలో వాగు ఉంది కాబట్టి రెండు అన్నారు గానీ, అటూ ఇటూ అవే చెట్లు, అవే దోమలు. పూర్వం ఇద్దరు ముసలి రాజులు గట్టున కూర్చుని, "వాగుకి తూర్పున ఉన్నదంతా మీది, పడమర ఉన్నదంతా మాది" అని ఒప్పందం చేసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి రేగుపళ్ళు తిని ఎవరింటికి వాళ్ళు పోయారు. ఆ ఒప్పందం మాట మరిచిపోకండి.

తూర్పు అడవికి రాజు ఎలుగుబంటి. పడమటి అడవికి రాజు మనుబోతు. తూర్పున, గట్టుకి దగ్గర్లో, ఉప్పుమన్ను గుంట ఉంది. అప్పుడప్పుడూ ఆ మన్ను నాకకపోతే జంతువులకి నోరు చప్పబడిపోతుంది. పడమర అన్నీ ఇప్పచెట్లు. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం. అందుకని అటువాళ్ళు పువ్వు తెచ్చేవారు, ఉప్పు నాకి పోయేవారు. పిల్లనిచ్చుకునేవారు, తెచ్చుకునేవారు.

ఒక వేసవిలో, రాజుగారు ఇప్పపువ్వుల కుప్పలో ముక్కు పెడితే లోపలున్న కండచీమ కుట్టింది. ఎలుగుబంటి ముక్కు మామూలుగానే పొడుగు. వాస్తే ఎలా ఉంటుందో మీరే అనుకోండి.

"ఇది చీమ పని కాదు! పడమటివాళ్ళ కుట్ర!" అన్నాడు రాజు.

సభలో అందరూ తలలు దించుకుని ఊపారు. ఆ ముక్కు చూస్తూ నవ్వాపుకోవడం కష్టం మరి.

అందరికంటే గట్టిగా ఊపినవాడు అడవిపంది కోరయ్య. కోరయ్య చెడ్డవాడు కాదు. కష్టజీవి. గట్టు పక్కనే సొంత పొద, భార్య గెనుసమ్మ, గీతల గీతల పిల్లలు. లోటల్లా ఒకటే, ఎవరూ తనని "గారు" అనరు. ఆ దిగులు కొందరిని కుదురుగా కూర్చోనివ్వదు.

"ప్రభూ, నన్ను వాగు దగ్గర కాపలా పెట్టండి. చీమ కాదు గదా, చీమ నీడ కూడా ఇటు రాదు" అన్నాడు.

మర్నాటి నుంచి కోరయ్యగారు అయ్యాడు. ఏదుపంది ముళ్ళప్పని కింద పెట్టుకున్నాడు. ముళ్ళప్పకి సొంత బుర్ర వాడే అలవాటు లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. కోరయ్య అతనికి మూడు ప్రశ్నలు నేర్పాడు. "ఎక్కడ పుట్టావు? ఏం తెచ్చావు, సగం ఇక్కడ పెట్టు. ఇవతల నీకు పూచీ ఎవరు?"

మొదట కుందేలు వచ్చింది.

"ఏం తెచ్చావు?" అన్నాడు ముళ్ళప్ప.

"ఏముంది బాబూ, ఆకలి తెచ్చాను."

"సగం ఇక్కడ పెట్టు."

కుందేలు తెల్లబోయి వెనక్కి పోయింది.

తర్వాత తాబేలు వచ్చింది.

"ఎక్కడ పుట్టావు?"

"వాగు మధ్యలో, ఇసకదిబ్బ మీద."

"అయితే మధ్యలోనే ఉండు. ఏం తెచ్చావు?"

"నా ఇల్లు."

"సగం ఇక్కడ పెట్టు."

తాబేలు తల లోపలికి లాక్కుని, ఇల్లంతా తీసుకుని వెళ్ళిపోయింది.

మూడోసారి వచ్చింది చేమమ్మ. పందుల ఇళ్ళలో ఆడపిల్లలకి దుంపల పేర్లు పెట్టుకోవడం ఆనవాయితీ. ఈ చేమమ్మ గెనుసమ్మకి తల్లి, అంటే కోరయ్యకి సొంత అత్తగారు. కూతురు బాలింత అని ఇప్పపువ్వు మూటగట్టి తెచ్చింది.

"పూచీ ఎవరు?" అన్నాడు ముళ్ళప్ప.

"అదుగో, కోరలు తిప్పుకుంటూ నిలబడ్డాడే, ఆయన. ఏం అల్లుడూ, బాగున్నావా?"

అందరూ కోరయ్య వైపు చూశారు. ఇక్కడ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ "సొంతవాళ్ళని లోపలికి వదిలాడు" అని రాజుగారి చెవిన పడితే "గారు" పోతుంది. కోరయ్య ఆకాశంలోకి చూశాడు.

"ఈవిడెవరో నాకు తెలియదు" అన్నాడు.

చేమమ్మ మూట నెత్తిన పెట్టుకుని వెనుదిరిగింది. ఆ రోజు గెనుసమ్మ వంట చేయలేదు. మర్నాడూ చేయలేదు.

కొందరు ఎగువన ఈదుకుంటూ వస్తున్నారని తెలిసి, కోరయ్య పెద్ద ఆలోచన చేశాడు. అవతలి గట్టు మనది కాదు గనక, ఇవతలి గట్టు వెంబడే, ఇళ్ళ వెనకాల, తూర్పువైపున, పొడుగునా లోతైన కందకం. పందులన్నిటినీ పిలిచి ముట్టెలతో తవ్వించాడు.

గెనుసమ్మ వచ్చి చూసింది. "కందకం మనింటికి వెనకాల తవ్వుతున్నావేమయ్యా? మరి మనం ఏ పక్క ఉన్నట్టు?"

"రాజ్యం సంగతులు నీకు తెలియవు, పో."

"ఇల్లు సంగతి తెలుసు. వాన వస్తే?"

"వాన కూడా నా అనుమతితోనే రావాలి" అన్నాడు కోరయ్య.

రాజు మురిసిపోయాడు. కోరయ్యని తూర్పుకొండ మీదికి పిలిపించి, మోదుగుపూల దండ వేసి, "సరిహద్దు సింహం" అని బిరుదు ఇచ్చాడు. పందికి సింహం బిరుదేమిటని అడక్కండి. ఆ అడవిలో సింహాలు లేవు, అభ్యంతరం చెప్పడానికి.

ఆ పొద్దే వాన మొదలైంది. ఎవరి అనుమతీ అడగలేదు. తగ్గాక కోరయ్య దండ వేసుకుని కొండ దిగాడు. దిగి, నోరు తెరిచాడు. పాత వాగులో ఇసక తప్ప ఏమీ లేదు. ఎగువన గట్టు తెగి, నీళ్ళన్నీ కందకంలో పడి పరుగెత్తుతున్నాయి. వాగే ఇటు జరిగింది! తన పొద, భార్య, పిల్లలు, ఉప్పుమన్ను గుంట, అన్నీ వాగుకి పడమర!

మనుబోతు రాజు అప్పటికే వచ్చి నిలబడ్డాడు, కొమ్ముల బలగంతో. "ఒప్పందం ఒప్పందమే. పడమర ఉన్నదంతా మాది" అన్నాడు.

అవతలి గట్టున ముళ్ళప్ప కనిపించాడు. కోరయ్య ప్రాణం లేచివచ్చింది.

"ఒరేయ్ ముళ్ళప్పా, నేనురా! ఇంటికి వస్తున్నా!"

"ఎక్కడ పుట్టారయ్యా?" అన్నాడు ముళ్ళప్ప.

"నీకు మతి పోయిందా?"

"లేదయ్యా. మా బొరియ కూడా ఇటు పడింది. పడమటి రాజుగారు కాపలా మనిషి కావాలన్నారు. నాకు పని తెలుసు కదా. ప్రశ్నలు కూడా అవే. ఎక్కడ పుట్టారు?"

"తూర్పున" అన్నాడు కోరయ్య నీరసంగా.

"ఏం తెచ్చారు?"

"దండ. బిరుదు. సరిహద్దు సింహం."

ముళ్ళప్ప చాలాసేపు ఆలోచించాడు. "సగం పెట్టాలి. సింహం అక్కడ పెట్టేయండి."

గట్టున కుందేలు కిసుక్కున నవ్వింది.

"ఇవతల మీకు పూచీ ఎవరు?"

కోరయ్య కుందేలు వైపు చూశాడు. కుందేలు చెవులు అటు తిప్పుకుంది. తాబేలు వైపు చూశాడు. తాబేలు ఇంట్లోకి పోయింది. అప్పుడు పొద పక్కన చేమమ్మ కనిపించింది. కూతురి దగ్గరికి రావడానికి ఇప్పుడు ఆమెని అడిగేవారు లేరు. పిల్లలు ఆమె చుట్టూ చేరి ఇప్పపువ్వు నములుతున్నారు.

"అత్తా! నేను, కోరయ్యని!"

చేమమ్మ కళ్ళు చిట్లించింది. "ఏ కోరయ్య నాయనా? మా అల్లుడు నేనొచ్చినప్పుడు ఆకాశంలోకి చూశాడు. గడ్డం తప్ప నాకేం కనబడలేదు. మొహం ఎలా పోల్చుకోను?"

చిన్నపిల్ల ఒకతె "నాన్నా!" అని నీళ్ళ దాకా పరుగెత్తింది. గెనుసమ్మ ఒక్క అంగలో వెళ్ళి పట్టుకుంది. కోరయ్య చూస్తూ నిలబడ్డాడు. దండ తీసి నీళ్ళలో పారేశాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అత్తా, ఆ రోజు నిన్ను తెలియదన్నాను. తెలుసు. గౌరవం పోతుందని అన్నాను. ఇప్పుడు నన్ను ఎవరూ ఎరుగరు. నువ్వన్నా ఎరుగుదునని చెప్పు."

చేమమ్మ కాసేపు పువ్వు నమిలింది. "ముళ్ళప్పా, ఇతనికి నేను పూచీ. తిక్కవాడే గానీ మావాడే. ఒక షరతు, అల్లుడూ. ఇకనుంచి ఈ రేవున నువ్వే కూర్చోవాలి. మూడు ప్రశ్నలు మాని, వచ్చినవాళ్ళని ఒకటే అడగాలి."

"ఏమిటత్తా?"

"అన్నం తిన్నావా, అని."

మనుబోతు రాజు ఏదో అనబోయాడు. తన మంద కూడా ఎన్నాళ్ళుగానో ఉప్పు లేక చప్పిడి గడ్డి తిన్నదే. ఊరుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత అవతలి గట్టున ఎలుగుబంటి రాజు కనిపించాడు. ముక్కు వాపు తగ్గింది, మనిషి కూడా తగ్గాడు. బిరుదు తిరిగి లాక్కోవడానికి వచ్చాడో, ఇంకెందుకో, నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

కోరయ్య లేచి దణ్ణం పెట్టాడు. "ప్రభూ, అన్నం తిన్నారా?"

రాజు పొట్ట తడుముకున్నాడు. "ఉప్పు లేదు, పువ్వు లేదు. ఏం తినమంటావయ్యా?"

"రండి, ఇటు రండి. రాళ్ళు జాగ్రత్త" అంటూ చెయ్యి అందించాడు కోరయ్య.

నీతి: పక్కవాడు రాకుండా తవ్విన గొయ్యి మనింటికి ఏ వైపున మిగులుతుందో ముందే చూసుకోవాలి, రేపు దాటాల్సింది మనమే కావచ్చు.