శ్మశానం గేటు దగ్గర పంక్చరు

పదకొండేళ్లుగా ఆగిపోయిన బొమ్మల కథను తానే ముగించాలని నవత పంతం పట్టింది. మూడు వారాలు కూర్చుని ముగించింది కూడా. ఇక గురువు గవరయ్య సరే అనడమే మిగిలింది.

అనకాపల్లిలో సైన్ బోర్డులు రాసుకుంటూ గవరయ్య గీసిన కథ అది. పేరు ‘ఆఖరి ట్రిప్పు’. పత్రికలేవీ వేసుకోకపోతే జిరాక్సు తీసి, పిన్ను కొట్టి, తనే పంచాడు. శవాల వ్యాను నడిపే డ్రైవరు ఒకడు, వెనకాల పడుకున్న శవం ఒకటి. దారి పొడవునా ఇద్దరికీ తగువే. టీ కొట్టు కనబడితే చాలు, శవం లేచి కూర్చుని "ముక్కులో దూది తియ్యరా, వాసనైనా చూస్తాను" అంటుంది. ఆరు సంచికలైనా వ్యాను శ్మశానం చేరలేదు.

శవానిది డేవిడు ముఖం. గవరయ్య స్నేహితుడు. కథకు మాటలు రాసేదీ అతనే. బొమ్మ గీయడానికి నమూనాగా ముక్కుల్లో దూది పెట్టుకుని బల్ల మీద పడుకుని, నవ్వాపుకోలేక కదిలిపోతూ గవరయ్య చేత తిట్లు తినేవాడట. ఆరో సంచిక వచ్చిన నెలకు నిజంగానే పోయాడు. గవరయ్య మళ్లీ ఆ కథ ముట్టుకోలేదు.

"సొంత దుఃఖం కోసం ప్రజల కథను ఆపడం ద్రోహం, మాస్టారూ," అంది నవత, ఏడో సంచిక ఆయన ముందు పెడుతూ.

"ద్రోహమే," అన్నాడాయన కళ్లజోడు వెతుక్కుంటూ. "టీ తాగావా?"

"కళ ఆయుధం. సగం చెక్కిన ఆయుధంతో ఏ యుద్ధమూ గెలవలేం."

"తాగలేదన్నమాట."

ఆఖరి పేజీలో వ్యాను శ్మశానం గేటు దాకా వచ్చేసింది. శవం వ్యాను మీదికెక్కి, పిడికిలి బిగించి "కాలబోయేవాళ్లారా, ఏకం కండి" అని గర్జిస్తోంది. కింద పెద్ద అక్షరాలతో ‘సమాప్తం’.

గవరయ్య చాలాసేపు చూశాడు. ఆయన బొటనవేలు శవం చెవి మీద ఆగింది.

"చెవి అచ్చం వాడిదే. బాగా పట్టావమ్మాయ్. కానీ వీడు బతికుండగా కూడా ఇంత గట్టిగా అరవలేదు."



ఆయన పెన్ను అందుకున్నాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక రెండేళ్లుగా ఆయన గీత గీయలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, వ్యాను ముందు చక్రం కింద మేకు ఒకటి గీశాడు. టైరు నేలకు అతుక్కుపోయినట్టు నల్లగా దిద్దాడు.

"మాస్టారూ, అది ప్రింటుకు వెళ్లాల్సిన పేజీ," అంది నవత. "ఇంక వ్యాను ఎప్పటికి లోపలికెళ్తుంది?"

"పంక్చరు వెయ్యడానికి గంట పడుతుంది," అన్నాడు గవరయ్య పెన్ను మూత పెడుతూ. "ఈలోగా వాడికి టీ చెప్పు."

నవత ఆ వంకర మేకు వైపు చూసింది. తర్వాత తెల్లరంగు సీసా మూత తీసింది. ముందు ‘సమాప్తం’ పోయింది. ఆ పైన గర్జన పోయింది. పిడికిలి చెరిపిన చోట గ్లాసు పట్టుకున్న చెయ్యి గీసి, గ్లాసు మీద రెండు పొగ గీతలు పెట్టింది.

చివరగా శవం ముక్కులో దూది తీసేసింది.