గవరమ్మ వేరుకుండ

ఎప్పటి మాటో అడగవద్దు. ఏ రాజు ఏలిన కాలమో చెప్పమనవద్దు. మా తాతలకు వాళ్ళ తాతలు చెప్పారు. వాళ్ళకెవరు చెప్పారో వాళ్ళే మరిచిపోయారు. ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఊళ్ళో ఒక గానుగ ఉండేది. గానుగకొక ఎద్దు, ఎద్దు వెనక ఒక ముసలమ్మ. ఆ ముసలమ్మ పేరు గవరమ్మ.

గవరమ్మ మగడు ఏనాడో పోయాడు. ఎర్రయ్య అని ఒక్కడే కొడుకు. కోడలు అచ్చియ్యమ్మ, సముద్రం పక్కన కొబ్బరితోటల ఊరి పిల్ల. కొడుకు గానుగలో నువ్వులు పోసేవాడు. కోడలు నూనె పోగా మిగిలిన తెలకపిండి ఎత్తేది. గవరమ్మ నూనెకుండ నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్ముకొచ్చేది. ఎద్దు తిరిగేది, గానుగ తిరిగేది, రోజు తిరిగేది.

ఆ ఇంట్లో నూనె లేని పని లేదు. తలకు నూనె, కాలికి నూనె, దీపానికి నూనె, దెబ్బకు నూనె. ఎవరికేం వచ్చినా గవరమ్మది ఒకటే మాట: "నూనె లేని మందు మందేటి?"

చాన్నాళ్ళకు కోడలికి ఆడపిల్ల పుట్టింది. మంగ అని పేరు పెట్టారు. పాలు బాగా పడాలని బాలింతకు తెలకపిండి కూర పెట్టారు. ఎముక గట్టిపడాలని గవరమ్మ పిల్ల ఒళ్ళంతా నువ్వులనూనె మర్దనా చేసింది. నెల తిరక్కుండానే పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ మడతల్లో చర్మం పగిలి నీరు కారింది. పిల్ల ఒళ్ళు గీరుకునేది. గీరుకుని ఏడ్చేది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయి, నిద్రలోనూ గీరుకునేది.

మొదట వైద్యుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన వేపబెరడు పొడి ఇచ్చాడు. నీళ్ళలో రంగరించి రాయమన్నాడు. ఇంటికొచ్చాక గవరమ్మ, "నీళ్ళా? మనకేటి కరువా?" అని ఆ పొడిని తన నూనెలో కలిపి రాసింది. పిల్ల ఒళ్ళు మండిపోయింది.

తర్వాత అమ్మవారి గుడికి వెళ్ళారు. పూజారి పసుపు ఇచ్చాడు. ఊరికే అద్దమన్నాడు. గవరమ్మ, "పొడి పసుపు ఒంటికి పట్టుద్దేటి?" అని నూనెలో కలిపి అద్దింది. పిల్లకు దద్దుర్లు లేచాయి.

ఆ తర్వాత మంత్రసానిని పిలిచారు. ఆమె ఏదో ఆకు కాచి ఆ నీళ్ళు పోయమంది. గవరమ్మ నీళ్ళు పోసింది. పోసి, ఒళ్ళు తుడిచి, చర్మం ఎండిపోతుందని చేతినిండా నూనె పట్టించింది. ఆ రాత్రి పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. పక్కింటివాళ్ళు కూడా లేచి కూర్చున్నారు.

అచ్చియ్యమ్మ తెల్లారాక పిల్లను చంకనేసుకుంది.

"మా అమ్మ కాడికి ఎల్తాను."

"ఎల్లి ఏటి చేస్తావు?" అన్నాడు ఎర్రయ్య.

"ఇక్కడుండి ఏటి చేసినాం? ఇలాగే ఉంటే గుంట దక్కదు," అంది పిల్లను గుండెకు హత్తుకుని.

ఎర్రయ్య తల్లి వంక చూశాడు. అచ్చియ్యమ్మ వెళ్ళిపోయింది.

కొబ్బరితోటల ఊళ్ళో నువ్వుల వాడకం లేదు. కూరకు కొబ్బరినూనె, తలకు కొబ్బరినూనె. పక్షం తిరిగేసరికి మంగ ఒళ్ళు ఆరింది. నెల తిరిగేసరికి నున్నగా తేరింది. ఇసకలో దొర్లి ఆడుకుంది. ఏడాది గడిచింది. పిల్ల నడిచింది, పరిగెత్తింది, మేకపిల్ల చెవులు పట్టుకు లాగింది. "గుంట బాగుంది, వచ్చి తీసుకెళ్ళండి" అని కబురొచ్చింది.

గవరమ్మ ఎగిరి గంతేసింది. వియ్యాలవారింటికి ఉత్త చేతులతో వెళ్తుందా? కుండెడు కొత్త నూనె నెత్తిన పెట్టుకుంది. నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసి మూట కట్టుకుంది. నడిచి నడిచి వెళ్ళింది. మంగ వాకిట్లో ఉంది. గవరమ్మ కుండ దించి పిల్లను ఎత్తుకుంది, ముద్దులాడింది. చిమ్మిలి ఉండ విరిచి నోట్లో పెట్టింది.

పిల్ల చప్పరించింది. తర్వాత పెదవి గోక్కుంది. పెదవులు లావెక్కాయి. కళ్ళు పూడుకుపోయాయి. గవరమ్మ ముద్దుపెట్టిన చోటల్లా, చెయ్యి తగిలిన చోటల్లా దద్దుర్లు తేలాయి. ఊపిరి అందక పిల్ల నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట రాలేదు, ఏడుపూ రాలేదు.

అచ్చియ్యమ్మ తల్లి పరిగెత్తుకొచ్చి పిల్లను లాక్కుంది. పిల్ల భళ్ళున కక్కేసింది. తిన్నదంతా కక్కేసింది. గాలి తగిలేలా నిటారుగా భుజాన వేసుకుని తిప్పారు. మధ్యాహ్నమంతా తిప్పారు. పొద్దు వాలేవేళకు పిల్లకు ఊపిరి కుదురుకుంది.

అప్పుడు వియ్యపురాలు గవరమ్మ వైపు తిరిగింది.

"ఏటి చెయ్యమ్మా నీది? ఏడాది పెంచుకున్నాం. నువ్వు ముట్టుకున్నావు, పోబోయింది."

గవరమ్మ తన చేతుల వంక చూసుకుంది. వేళ్ళ సందుల్లో చిమ్మిలి ఉంది. అరచేతులు నూనెతో మెరుస్తున్నాయి. ఆ చేతులు ఎప్పుడూ అలాగే మెరిసేవి. ఆమె లేచి చెరువుకు పోయింది. సీకాయతో రుద్దుకుంది, మట్టితో రుద్దుకుంది, మళ్ళీ సీకాయతో రుద్దుకుంది. కట్టుకున్న చీర అక్కడే వదిలేసి వియ్యపురాలి పాతచీర అడిగి కట్టుకుంది. నూనెకుండనూ చిమ్మిలినీ తోట అవతల ఎవరికో ఇచ్చేసింది. ఆ ఇంటి అరుగు మీద కూర్చుంది. లోపలికి రాలేదు. వాళ్ళు పెట్టిందే తింది.

మూడోనాటికి మంగే నడుచుకుంటూ వచ్చి ఒళ్ళో కూర్చుంది. అచ్చియ్యమ్మ గుమ్మంలో బిగుసుకు నిలబడి చూసింది. గవరమ్మ కదల్లేదు. పిల్లకు ఏమీ కాలేదు. పిల్ల ఆమె ముక్కు పట్టుకుని పిండింది. అయినా ఏమీ కాలేదు.

"నా చెయ్యి కాదే, అచ్చియ్యమ్మా. నా నూనె," అంది గవరమ్మ.

ఇంటికొచ్చి కొడుక్కి చెబితే వాడు నమ్మలేదు.

"నూనె పడకపోడమేటమ్మా? మనకి అన్నం పెట్టినాది అదే కదా!"

"పెట్టినాదిరా. నీకు పెట్టినాది, నాకు పెట్టినాది. దానికి పెట్టనేదు."

"గానుగ మానేసి ఏటి తింటాం?"

"మానీమని నాననలేదు. ఆ నూనెని ఇంటికి దూరం చేద్దాం."

అనడం తేలికే. చెయ్యడానికే నానా తంటాలు పడ్డారు. కోడలూ పిల్లా తిరిగొచ్చాక మొదట అందరూ చేతులు కడుక్కుని పిల్లను ఎత్తుకున్నారు. పిల్ల గోక్కుంది. నూనె చేతులకే కాదు, బట్టలకూ ఉంది మరి. తర్వాత ఏట్లో మునిగి, బట్ట మార్చి, అప్పుడు ఇంట్లోకి వచ్చారు. పిల్ల ఇంకా గోక్కుంది. కుండలు నూనె పీల్చి ఉన్నాయి, గోడలు నూనె పీల్చి ఉన్నాయి. అప్పుడు పాత కుండలన్నీ పగలగొట్టారు. గోడలకు కొత్తమట్టి మెత్తారు. పెరట్లో ఉన్న గానుగను ఊడదీసి, ఊరి చివర ఏటిగట్టున పాతారు. వంటకు కొబ్బరినూనె తెచ్చుకున్నారు. పిల్ల గోక్కోవడం మానింది.

కాస్త మిగిలిన దురదకు గవరమ్మ మళ్ళీ వైద్యుడి దగ్గరికే వెళ్ళి వేపబెరడు అడిగింది.

"నీళ్ళతో అని ఆనాడే చెప్పాను కదా, గవరమ్మా?"

"చెప్పినావు బాబూ. నానే వినలేదు. నూనె అమ్ముకునేదాన్ని, నీళ్ళ మాట చెవికెక్కలేదు."

వైద్యుడు నవ్వి ఇంకో పొట్లం కూడా కట్టి ఇచ్చాడు.

గానుగోళ్ళు నూనె కొనుక్కుంటున్నారన్న మాట ఊరంతా పాకింది. ఏటిరేవులో ఆడవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారు. "ఓలమ్మా, చేపలోడు చేపలు కొనుక్కున్నట్టుంది!" అన్నారు. నవ్వితే నవ్వారు, పోనిద్దాం. కొందరు నూనె కొనడమే మానేశారు. సూరయ్య అనే పెద్దరైతు దారికడ్డంగా నిలబడి అడిగాడు.

"నీ మనవరాలికే పడని నూనె, మా కడుపుల్లో పడితే ఏటవుద్ది గవరమ్మా?"

"నీకేటవలేదు సూరయ్యా. పుట్టిన కాడి నుంచీ నా నూనే తాగి దున్నపోతులా ఉన్నావు. నీకు పడుద్ది, దానికి పడదు. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్ళకే ఒక్క చెప్పు సరిపోదు, ఒక్క కూడు ఎలా సరిపోద్ది?"

సూరయ్య తల గోక్కున్నాడు. వెళ్ళేముందు కుండెడు నూనె కొనుక్కునే వెళ్ళాడు.

అయినా ఒకటి కుదరలేదు. గవరమ్మ ఎంత మునిగినా, ఊరూరా నూనె మోసి వచ్చిన రోజు జుట్టులో జిడ్డు మిగిలేది. మంగకు మెడ మీద దద్దుర్లు వచ్చేవి. గవరమ్మ ఆలోచించింది. ఎవరినీ అడగలేదు. ఏటిగట్టున గానుగ పక్కనే పాక వేసుకుంది.

"ముసల్దానివి, ఒక్కదానివీ అక్కడెందుకమ్మా?" అన్నాడు ఎర్రయ్య.

"గుంట నీది. గానుగ నాది. నువ్వు ఇంటికాడుండు. నాను ఎద్దుతో మాటాడుకుంటాను. అదీ నీలాగే, చెప్పింది వినదు."

కోడలు ఏడ్చింది. గవరమ్మ వినలేదు. పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. వారానికొకనాడు గానుగ ఆపేది. సీకాయతో రుద్దుకుని ఏట్లో మునిగి, కోడలు ఉతికి ఆరేసిన చీర కట్టుకుని ఇంటికొచ్చేది. ఆ పూటంతా మంగ ఆమె ఒళ్ళోంచి దిగేది కాదు. పొద్దు వాలాక పాకకు పోయేది. ఎద్దు తిరిగేది, గానుగ తిరిగేది, రోజు తిరిగేది.

మంగ పెరిగింది. పిల్లలు పెరిగితే ఇంట్లో ఉంటారా? ఊళ్ళో పెళ్ళిళ్ళున్నాయి, పేరంటాలున్నాయి. విందు ఎక్కడ జరిగినా గవరమ్మ ముందుగా వెళ్ళి వంటవాడి ఎదట నిలబడేది.

"పులిహోరలో ఏటేసినావు? పచ్చట్లో ఏటేసినావు? పులుసులో ఏటేసినావు?"

వంటవాడు గరిటె ఎత్తేవాడు. "పెళ్ళికొచ్చినావా, తనిఖీకొచ్చినావా తల్లీ?"

"రెండిటికీ వచ్చినాను. చెప్పు."

ఒకనాడు కుమ్మరివాళ్ళింట పెళ్ళి. మూడింటిలోనూ నువ్వులు పడ్డాయి. గవరమ్మ ఒక కొత్త కుండ అడిగి తీసుకుంది. పక్కన వేరుపొయ్యి పెట్టింది. బియ్యంలో పప్పు వేసి, ఉప్పు వేసి, మంగ కోసం విడిగా ఉడికించింది. బంతిలో కూర్చున్నవాళ్ళు చూసి నవ్వారు. అప్పుడు బంతి చివర కూర్చున్న ఒక తల్లి మెల్లిగా అంది.

"మామ్మా, ఆ కుండలోది మావాడికీ కాస్త పెట్టవా? ఈడికి రొయ్యలు పడవు. ముఖం వాచిపోద్ది. చెప్పుకుంటే నవ్వుతారని ఇన్నాళ్ళూ పస్తుపెట్టి తీసుకుపోతున్నాను."

"నవ్వినోడి మూతి నాను చూస్తాను. పెట్టు ఆకు," అంది గవరమ్మ.

ఇంకో మూల నుంచి ఒక ముసలాయన, "నాకు వంకాయ..." అన్నాడు. ఇంకెవరో గుడ్డు అన్నారు. అంతవరకూ నవ్వినవాడే ఒకడు, తనకు పనసతొన తింటే నాలుక దురదని ఒప్పుకున్నాడు. ఆ రోజు వేరుకుండ అడుగంటిపోయింది. మర్నాటి నుంచి గవరమ్మ వంటవాణ్ణి అడగడంతో ఆపలేదు. బంతి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి ఒక్కొక్కరినీ అడిగేది: "నీకేటి పడదు?"

అలా అడిగి అడిగి గవరమ్మ ముసలిదై, ఒక వానకాలంలో ఏటిగట్టు పాకలోనే కన్నుమూసింది. మంగకు అప్పటికి పెళ్ళయి, చంకలో బిడ్డ ఉంది.

దినం నాడు అందరూ ఏటికి వెళ్ళారు. అయినవాళ్ళందరూ నువ్వులూ నీళ్ళూ వదలాలి. కొడుకు వదలాలి, కోడలు వదలాలి. మంగ కూడా దోసిలి పట్టి ముందుకొచ్చింది. కులపెద్ద నువ్వుల గిన్నె ఎత్తాడు. ఎర్రయ్య గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు పెద్దయ్యా. మా గుంట అవి ముట్టకూడదు."

"అయితే తప్పుకోమను. నువ్వులు లేని తర్పణం లేదురా. పోయిన మనిషికి దాహం తీరదు."

మంగ దోసిలి దించలేదు. "మా మామ్మకి నాను నీళ్ళు పొయ్యకపోతే ఎవరు పోస్తారు?" అంది.

ఎర్రయ్య ఎన్నడూ పెద్దలకు ఎదురుచెప్పినవాడు కాదు. ఆనాడు చెప్పాడు.

"పెద్దయ్యా, మా యమ్మ పుట్టిన కాడి నుంచీ నువ్వుల్లోనే బతికినాది. కావలసినన్ని ఎంట తీసుకుపోయినాది. ఇప్పుడు దానికి కావలసింది ఈ గుంట చేతి నీళ్ళే."

కులపెద్ద గిన్నె మూసి పక్కన పెట్టించాడు. బియ్యపు గింజలు తెప్పించాడు. ముందు తాను చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కుని మంగ దోసిట్లో నాలుగు గింజలు వేశాడు. మంగ వదిలింది. ఆమె తర్వాత కొడుకు, కోడలు, ఊరు ఊరంతా బియ్యమూ నీళ్ళే వదిలారు. రొయ్యలు పడని కుర్రాడు కూడా వదిలాడు. వాడు చుట్టం కాదు. పొమ్మని ఎవరూ అనలేదు.

అప్పటి నుంచి ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళన్నిటిలో విందుకు పొయ్యి తవ్వితే, పక్కన చిన్నపొయ్యి ఒకటి తవ్వుతారు. దాని మీద కొత్త కుండ పెట్టి పప్పూ బియ్యమూ ఉప్పూ వేసి ఉడికిస్తారు. దాన్ని గవరమ్మ వేరుకుండ అంటారు. అందులో గరిటె పెట్టేవాళ్ళు ముందు చేతులు కడుక్కోవాలి. తినేవాడు ఒక్కడూ లేకపోయినా ఆ కుండ ఎక్కాల్సిందే. కొత్తకోడలు అత్తవారింట అడుగుపెడితే, ఏం వండటం వచ్చని అడగరు. నీకేటి పడదని అడుగుతారు. పిల్లలెవరైనా ఒకటి తిననని మొండికేస్తే, "పోనీలెండి, గవరమ్మ గుంటేమో" అని ఆకులోంచి అది తీసేస్తారు.

కథ ఏరు దాటింది, ఆకలి ఇల్లు చేరింది. ఆకులు వేశారు, వరసగా కూర్చోండి. వడ్డించేలోగా చెప్పండి, మీలో ఎవరికేం పడదు?